దస్తగిరి సాహెబు దుర్భిణి

పాపం చేసినవాళ్లకు దస్తగిరి సాహెబు దుర్భిణిలో కొండమెట్ల దారిలోని గాలిగోపురం కనిపించదని తిరుపతిలో చెప్పుకునేవారు. బర్మా యుద్ధం నుంచి ఆ దుర్భిణిని మెడలో వేసుకుని తిరిగొచ్చిన ఆయన జట్కా తోలేవాడు. కొండ కింద అలిపిరిలో బండి ఆపి, గుర్రానికి గడ్డి వేసి, ఖాకీ చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, కొండ ఎక్కలేని ముసలివాళ్ల చేతికి ఇచ్చేవాడు. చూపు తేటపడడానికి నడుమనున్న చక్రాన్ని ఎడమకు తిప్పమనేవాడు. వాళ్ల వేళ్లు మాత్రం కుడికే పోయేవి. స్వామి కొండకు ఎదురుగా నిలబడి అప్రదక్షిణంగా ఎవరు తిప్పుతారు? గోపురం ఇంకా మసకేసేది. వాళ్లు తలవంచుకుని దుర్భిణి తిరిగి ఇచ్చేసేవారు.

ఒక పొద్దున కార్వేటినగరం గురవమ్మను బండిలోనే కూర్చోబెట్టి ఇంటివాళ్లు మెట్లెక్కి పోయారు. మోకాళ్లు పట్టేసిన ఆ ముసలమ్మ చక్రాన్ని కుడికి తిప్పి తిప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నేనేం పాపం చేసినానో సాయిబూ, అంతా పొగ మాదిరి ఉండాది."

"ఎడమకు తిప్పు అవ్వా."

"అమ్మో, ఆ అపచారం నా చేత కాదు నాయనా!"

"సరే, నువ్వు కండ్లకు పెట్టుకోని కదలకుండా ఉండు. తిప్పిన పాపమేదో నాకే రానీ." ఆయన చూపుడువేలు చక్రం మీద మెల్లగా కదిలింది.

"గోవిందా! గోపురం మీద కోతి కూడా కనిపిస్తా ఉండాది సాయిబూ!"

ఇప్పుడు ఆయన జట్కా అలిపిరికి రాదు. పాపులకు గోపురం కనిపించదన్న మాట మాత్రం ఇంకా వినబడుతుంది. ఆ చక్రాన్ని ఎవరైనా సరే ఎడమకు తిప్పితేనే దూరం తేటపడేదని అందులో ఎవరూ చెప్పరు.