సరేగారి ముసుగు

ఆఫీసులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏం చెప్పినా "సరే" అంటాడు కాబట్టి సరేగారు అయ్యాడు. ఆ గారు కూడా గౌరవం కొద్దీ తగిలించింది కాదు, యజమాని అల్లుడు కాబట్టి. ఇల్లరికం వచ్చినవాడు అందరికీ లోకువే. ఈయన మాత్రం తనకి తానే మరీ లోకువ.

టైర్ల కొట్టు పైన రెండో అంతస్తులో మామగారి కంపెనీ. ఊళ్లో క్లినిక్కులూ షాపులూ తమ కంప్యూటర్ల భారం వీళ్లమీద పడేసి నిశ్చింతగా ఉంటాయి. లోపలి గదిలో చలిగాలి మధ్య సర్వర్లు హోరుమంటుంటాయి. ఒక్కో సర్వర్ కడుపులో పదీ పదిహేను వర్చువల్ మెషీన్లు. ఒకే కొంపలో ఎవరి వాటా వాళ్లదన్నట్టు కాపురముండే ఉత్తుత్తి కంప్యూటర్లన్నమాట. నడుస్తున్నవాటిని నడుస్తుండగానే ఈ సర్వర్లోంచి ఆ సర్వర్లోకి మార్చేయవచ్చు. కస్టమరుకి చీమ కుట్టినట్టయినా ఉండదు.

సరేగారు మొదట్నుంచీ ఇలా లేడు. పనిలో చేరిన కొత్తలో, కస్టమర్ల ముందు బావమరిది ఏదో తప్పు చెబితే "కాదు బాబూ, అది అలా కాదు" అని సరిదిద్దాడు. సాయంత్రం మామగారు మెట్ల దగ్గర ఆపి భుజం మీద చెయ్యేశాడు.

"నీకు తెలుసని నాకు తెలుసయ్యా. కానీ నలుగురిలో నా కొడుకుని చిన్నబుచ్చకు. తెలిసినా తెలియనట్టుంటే నీకే మంచిది."

"సరే మామయ్యా."

అప్పటినుంచీ బాబు నోట తప్పు వచ్చినప్పుడల్లా ఈయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. తర్వాత ఎవరూ చూడకుండా వెళ్లి ఆ తప్పు దిద్దుకొస్తాడు. మెచ్చుకోళ్లు బాబుకి, చాకిరీ ఈయనకి. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఈ ఏడు కొత్త సర్వర్లు వచ్చాయి. మామగారు అల్లుణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు.

"మెషీన్లన్నీ కొత్తవాటిలోకి మార్చు. ఎవరి పనీ ఆగకూడదు. ఇది సవ్యంగా అయిందా, కాలవ అవతల పెడుతున్న బ్రాంచి నీదే. దాని పైన రెండు గదుల ఇల్లుంది. నువ్వూ అమ్మాయీ అక్కడే ఉండండి."

సరేగారు ఇంటికెళ్లే దారంతా అదే తలుచుకున్నాడు. తన గుమ్మం, తన తాళం, అన్నానికి కూర్చుంటే ఎవరి మొహమూ చూడక్కర్లేని ఇల్లు! మొగుడూ పెళ్లాం టేపు పట్టుకెళ్లి ఆ ఇంటి కిటికీలు కొలుచుకొచ్చారు. ఆమె పసుపురంగు గుడ్డ కొని తెరలు కుట్టింది. వీధిగది కిటికీ వంకర. దాని తెర రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టింది.

పనిలో ఒక మెలిక ఉంది. కొత్త సర్వర్లకి పాతవాటికి రాని విద్యలు కొన్ని వచ్చు. ఆ విద్యలు చూసి లేచిన మెషీన్ వాటికి అలవాటు పడిపోతుంది. ఆపకుండా పాత సర్వర్లోకి పదమంటే ఇక కదలదు. అందుకని కొత్తదానికి ముసుగు వేస్తారు. ఎక్కువ తెలిసినా దాచుకో, పాతదానిలాగే ఉండు అని చెప్పడమన్నమాట. ముసుగున్నంతకాలం మెషీన్లు అటూ ఇటూ హాయిగా తిరుగుతాయి. ముసుగు వేయడంలో సరేగారి తర్వాతే ఎవరైనా. ఆయనకది వేరే నేర్పాలా!

మెషీన్లన్నీ మారాయి. ఎవరికీ తెలియలేదు. అంతా బాగుందనుకుంటుండగా బాబుకి చెయ్యి దురద పుట్టింది.

"ఇంత పోసి కొన్నది పాతదానిలా ఈడ్చుకుంటూ నడవడానికా బావా?" అంటూ, క్లినిక్ డాక్టరు చూస్తుండగా ముసుగు తీసేసి, క్లినిక్ మెషీన్ని ఆపి మళ్లీ లేపాడు. అది రివ్వున లేచింది. డాక్టరు భేష్ అన్నాడు. బాబు కాలరెగరేశాడు. సరేగారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఇంటికెళ్లి భార్యకి మాత్రం జరిగింది చెప్పాడు.

"నాన్నతో చెప్పండి. రేపేదైనా అయితే మీ మెడకే చుట్టుకుంటుంది."

"ఎందుకులే. ఆదివారం క్లినిక్ మూస్తారుగా, అప్పుడు నేనే సరిచేస్తా."

ఆదివారం దాకా ఆగలేదు. శుక్రవారం పొద్దున, మెమరీ పాడవుతోందని కొత్త సర్వర్ ఎర్రదీపం చూపించింది. సరేగారు గబగబా మెషీన్లని పాత సర్వర్లోకి తరలించాడు. అన్నీ బుద్ధిగా వెళ్లాయి. క్లినిక్‌ది మొరాయించింది. ఆపి అవతల లేపుతానని డాక్టరుకి ఫోన్ కలుపుతుండగానే సర్వర్ టప్పున ఆగిపోయింది. సగంలో తెగిపోయిన రికార్డులు సరిచూసి లేపేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా క్లినిక్ వరండాలో జనం జ్వరం పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్నారు.

డాక్టరు వచ్చి నానా మాటలూ అని వెళ్లాక మామగారు అందర్నీ హాల్లో నిలబెట్టాడు. కూతురు అప్పుడే క్యారియర్ పట్టుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ముసుగు తీసిందెవరు?"

బాబు తేలు కుట్టిన దొంగలా గోడకేసి చూస్తున్నాడు. సరేగారు భార్యవైపు చూశాడు. ఆమె రెప్ప వేయకుండా ఈయన్నే చూస్తోంది. ఒక్క మాట చాలు. ఇల్లూ, తాళమూ, పసుపు తెరలూ ఆ మాటకి అవతల ఉన్నాయి. కానీ నలుగురిలో ఆ మాట ఎలా అనాలో ఆ నోరు ఎప్పుడో మరిచిపోయింది. పైగా, కొడుకు పరువు కాపాడితే మామగారు లోలోపల మెచ్చుకుంటాడని ఓ పిచ్చి ఆశ.

"నేనే మామయ్యా. పొరపాటైంది."

మామగారు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఈయన ఊపిరి పీల్చుకున్నాడు, పాపం.

"ఎవరు తీశారో అమ్మాయి నాకు ఆ రోజే చెప్పింది. నువ్వు నోరు విప్పుతావా లేదా చూద్దామని ఊరుకున్నా. వీడు తప్పే చేశాడు, కాదన్ను. కానీ వీడికి చెయ్యాడుతుంది. నువ్వు అన్నీ తెలిసి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. బ్రాంచి నడపాలంటే నోరుండాలయ్యా. నీకు లేదు."

తెలిసి ఊరుకున్నది మామా అల్లుడూ ఇద్దరూ. అయినా ఆ పెద్దమనిషిని నిలదీసేదెవరు? జీతాలిచ్చేది ఆయన.

'ఆ రోజు మెట్ల దగ్గర మీరే కదా...' అనబోయి, సరేగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏమిటి, ఏమైనా అన్నావా?"

"లేదు మామయ్యా."

"బ్రాంచి బాబు చూసుకుంటాడు. అక్కడ సర్వర్లు నువ్వెళ్లి బిగించి రా."

"సరే మామయ్యా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బాబు కూడా నవ్వాడు.

మెట్లు దిగుతూ భార్య అంది: "మీరు చెప్పరని నేను ముందే అన్నాను. నాన్నే నమ్మలేదు. ఇల్లు కావాలిగా, చెప్తాడు చూడు అన్నారు."

"కోపంగా ఉందా?"

"కోపమేం లేదండీ."

నిజంగానే ఆ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండునని సరేగారికి ఏడుపొచ్చింది.

తర్వాతి వారం ఆయన కాలవ అవతలికి బయల్దేరుతుంటే భార్య ఓ పొట్లం చేతికిచ్చింది.

"తెరలు. తమ్ముడికివ్వండి. ఇక్కడి కిటికీలకి ఇవి పనికిరావు."

సర్వర్లు బిగించి, వాటికి ముసుగులు వేసి, పైకెళ్లి స్టూలెక్కి తెరలు కూడా ఆయనే కట్టాడు. కింద నుంచి బాబు, "కొలతలు భలే తీశావు బావా!" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, లోపల్నుంచి ఆమె అడిగింది.

"సరిపోయాయా?"

"ఆఁ."

"వంకర కిటికీకో?"

"దానికీ సరిపోయింది."