మల్ల ఒక్కసారి కొలువుండ్రి

మా ఆవిడ వనిత ఎవరి మాటా నమ్మదు. టేపునే నమ్ముతుంది. అదీ ఒక్కసారి కొలిస్తే కాదు. రెండోసారి కొలిచి, వంగి, ఒక కన్ను మూసి అంకె చూసుకున్నాకే. అందరి బ్యాగుల్లో దువ్వెనలూ అద్దాలూ ఉంటే ఈమె బ్యాగులో ఐదు మీటర్ల స్టీలు టేపు ఉంటుంది.

ఈ సంగతి నాకు పెళ్లిచూపుల్లోనే తెలిసింది. అప్పటికి నేను ఉప్పర్వాహి సిమెంటు ప్లాంటులో కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్ని. లాల్‌పేట్‌లో, బొగ్గుబాయిలో పనిచేసే పోశం గారింట్లో బుద్ధిగా చాయ్ తాగుతున్నాను. మధ్యవర్తి "పిల్లగాడు హరికృష్ణ, ఐదడుగుల ఏడించులు" అన్నాడో లేదో, పెళ్లికూతురు టేపు పట్టుకుని వచ్చేసింది.

"జర గోడకు ఆనుకొని నిలవడుండ్రి."

నిలబడ్డాను. ఐదడుగుల ఆరు వచ్చింది. "మల్ల ఒక్కసారి" అంది. మళ్ళీ ఆరే.

"నీ పాడుగాను! పెండ్లిచూపులల్ల గివేం కొలతలే?" అని పోశం గారు నెత్తి కొట్టుకున్నారు.

"ఇంచు తక్కువున్నడు గని బాపూ, కొలిచేటప్పుడు మడిమెలు లేపలే. మంచోడే."

ఆ మాటతో నా పెళ్లి ఖాయమైంది.

ఆమె మామూలు మనిషి కాదు. హైజంప్‌లో బడిలో ఉండగానే ఒక మీటరు యాభై నాలుగు దూకి జిల్లా రికార్డు పెట్టింది. నేర్చుకున్నది ఏ స్టేడియంలోనో కాదు, ఇంటి వెనక. అడ్డంగా చీరలారేసే తాడు, కింద బొగ్గుబాయికి ఇసుక తోలే లారీ డ్రైవర్ని బతిమాలి పోయించుకున్న ఇసుక. "మేం భూమిలకు దిగి బతుకుతున్నం. నా బిడ్డ మీదికి ఎగురుతుంది" అని మామగారు షిఫ్టు నుంచి వచ్చిన మసి మొహంతోనే తాడు ఎత్తి కట్టేవారట. కాలేజీకొచ్చాక ఒకటీ అరవై నాలుగు. ఆ అంకె పక్కన ఆమె పేరు కాలేజీ వరండా బోర్డు మీద ఇరవై నాలుగేళ్లుగా ఉంది.

దూకడం మానేసి బళ్లో ఆటల టీచరైంది గానీ కొలవడం మాత్రం మానలేదు. గోల్ బజార్‌లో బట్టల దుకాణం సేఠ్ ఈమెను చూడగానే గజంబద్ద ఈమె చేతికే ఇచ్చేసి పక్కన నిలబడతాడు. మా ఇంటికి మంచం చేసిన వడ్రంగి తర్వాత తాపీ పనిలోకి మారిపోయాడు. కారణం మేమే అని నా అనుమానం.

"ఎందుకే నీకీ పిచ్చి?" అంటే ఒకటే జవాబు.

"ఎవలన్న ఒకలు కొలువాలె గదా."

మొన్న జనవరిలో ఆ కాలేజీ వాళ్లే క్రీడోత్సవానికి ఈమెను అతిథిగా పిలిచారు. శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. లక్కడ్‌కోట్ నుంచి రోజూ బస్సులో వచ్చే దివ్య అనే పిల్ల అందర్నీ దాటేసి, ఒకటీ అరవై ఐదు పెట్టించుకుంది. అది దూకితే వనిత రికార్డు పోయినట్టే. దివ్య పరుగు మొదలుపెట్టబోయింది.

"ఆగు బిడ్డా! మల్ల ఒక్కసారి కొలువుండ్రి!"

నాకు తల కొట్టేసినట్టయింది. వెనక నుంచి ఎవడో మరాఠీలో "మ్యాడమ్‌లా రెకార్డ్ సోడవత్ నాహీ!" అని అరిచాడు. మేడమ్‌కు రికార్డు వదలబుద్ధి కావట్లేదట. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది.

కొలిచారు. బార్ నడుమ వంగి సరిగ్గా అరవై నాలుగే ఉంది. ఒక సెంటీమీటరు పైకెత్తారు. దివ్య దూకింది, బార్ పడింది. మళ్ళీ దూకింది, మళ్ళీ పడింది. జనం గోల చేశారు. నేను తల దించుకుని నా చెప్పులు చూసుకుంటున్నాను. ఇక మిగిలింది ఒక్క అవకాశం. ఆ పిల్ల కళ్ల నిండా నీళ్లు.

వనిత దగ్గరికి వెళ్లింది. "ఏడిస్తె బార్ కిందికి రాదు బిడ్డా. దుంకు."

దివ్య దూకింది. మడిమె తగిలి బార్ గజగజా వణికింది, వణికి ఆగిపోయింది!

ఆడపిల్లలంతా కేకలేస్తూ ఉరికారు. వాళ్లకంటే ముందు ఉరికింది మా ఆవిడ, శాలువా ఎక్కడో పారేసి. బార్ స్టాండు ముందు రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడింది.

"ఎవలన్న స్టాండు ముట్టుకుంటే కాళ్లిరగ్గొడ్త! ముందుగాల కొలువుండ్రి!"

కొలిచారు. ఒకటీ అరవై ఐదు. ఇద్దరు జడ్జీలు సంతకాలు పెట్టాక గానీ చేతులు దించలేదు. అప్పుడు దివ్యను ఎత్తుకుని, అక్కడున్న అందరికంటే గట్టిగా అరిచింది.

స్కూటీ మీద ఇంటికొస్తుంటే నా వెనక నుంచి మెల్లగా చెప్పింది.

"కాలేజీల ఉన్నప్పుడు నాగ్‌పూర్ పోటీలల్ల నేను ఒకటీ డెబ్బై దుంకిన. చీకటైతుందని బార్ మల్ల కొలువలే. దుంకంగనే దోస్తులు సంబురంతోటి ఉరికొచ్చి నన్ను ఎత్తుకున్నరు. స్టాండు కింద పడ్డది. మెడల్ ఇచ్చిండ్రు గని, కొలువని ఎత్తుకు రికార్డు రాసేది లేదన్నరు."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె నమ్మెతందుకు ఏమున్నది? కొలతే లేకపాయె."

నాకు సిగ్గేసింది. ఆమె మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఊరికే హారన్ కొట్టాను.

ఆమె తన టేపును దివ్యకిచ్చేసి వచ్చిందని ఇంటి దగ్గర దిగాక తెలిసింది. టేపు లేని ఇల్లు రెండ్రోజులు బోసిగా ఉంది. మూడో రోజు గోల్ బజార్‌కు వెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గోడకు ఆనుకొని నిలవడుండ్రి" అంది.

నిలబడ్డాను.

"ఐదడుగుల ఐదున్నర. తగ్గిండ్రు."

మా కాపురంలో మొదటిసారి ఆ మాట నేనన్నాను.

"మల్ల ఒక్కసారి కొలువే!"