అమ్మ చెప్పిన వారానికి మారకం రేటు

నా చిన్నప్పుడు లోకానికంతటికీ ఒకేసారి జబ్బు చేసింది. ఇప్పటి పిల్లలకు చెబితే ముసలామె మళ్ళీ కోతలు మొదలుపెట్టిందని నవ్వుతారు. కానీ నిజంగానే బడులు మూసేశారు, విమానాలు ఆపేశారు, మనిషికీ మనిషికీ మధ్య ఇంత దూరమని నేల మీద గీతలు గీశారు. మేముండే లూకన్‌ అనే ఊళ్ళో ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి, కిటికీలోంచి ఎటు చూసినా మా ఇంటినే చూస్తున్నట్టుండేది. మాట్లాడటానికి నాకు దొరికింది మా తాతయ్య ఒక్కడే. మమ్మల్ని చూసిపోదామని కాకినాడ నుంచి వచ్చి, తిరుగు విమానం లేక ఇరుక్కుపోయాడు పాపం.

మా అమ్మ నర్సు. తాతయ్యకు ఉబ్బసం. జబ్బును ఎక్కడ ఇంటికి మోసుకొస్తానో అని భయపడి, అమ్మ తోటి నర్సులతో కలిసి ఆస్పత్రి దగ్గర వేరే ఇంట్లో ఉండిపోయింది. నాన్న పని ఎక్కడో దూరాన కార్క్ నగరం అవతల, రింగాస్కిడీ మందుల ఫ్యాక్టరీలో. దారిలో పోలీసులు ఆపి వెనక్కి పంపేస్తున్న రోజులవి.

వెళ్ళేటప్పుడు అమ్మ, వచ్చే వారం వచ్చేస్తానంది. ఆ వారం వచ్చింది, అమ్మ రాలేదు. ఫోన్‌లో మళ్ళీ వచ్చే వారమే అంది. అలా ఎన్ని వచ్చే వారాలు వచ్చి వెళ్ళాయో, వాటికి ముఖాలుంటే ఒక్కోదాన్నీ గుర్తుపట్టి పలకరించేదాన్ని. పగలంతా నవ్విస్తూ తిరిగేదాన్ని. సాయంత్రం ఫోన్ మోగితే మాత్రం మెట్ల కింద, కోట్లు తగిలించే చోట దూరి కూర్చునేదాన్ని. అక్కడ అమ్మ కోటు కూడా ఉండేది. దాన్ని మాత్రం ముట్టుకునేదాన్ని కాదు.

ఒక ఆదివారం అమ్మకు సెలవు దొరికింది. వచ్చి ఇంటి ముందు కారు దగ్గరే మాస్కుతో నిలబడింది. లోపలికి రాదు. కిటికీ దగ్గరికి రమ్మని తాతయ్య నన్ను పిలిచాడు.

"ఐయామ్ గ్రాండ్ హియర్," అన్నాను కోట్ల మధ్యలోంచి. "షీ టెల్స్ లైస్, తాతయ్యా."

ఈ దేశంలో గ్రాండ్ అంటే బాగానే ఉన్నానని, కాలు విరిగినవాడు కూడా అదే అంటాడని తాతయ్యకు అప్పటికే తెలిసిపోయింది. అమ్మను ఆగమని చెయ్యి చూపించి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"ఏవే అమ్మడూ, డబ్బుకి ఆనపకాయని పేరెట్టిన దేశం తెలుసా నీకు?"

నవ్వకూడదనే అనుకున్నాను. వచ్చేసింది.

తాతయ్య ఉద్యోగమంతా సరుకు ఓడల్లో, వంటవాడిగా. అమెరికాకు దిగువన, కరీబియన్ సముద్రంలో ఒకే దీవిని పంచుకున్న రెండు దేశాలున్నాయట, హైతీ, డొమినికన్ రిపబ్లిక్. హైతీ డబ్బు గూర్డు, అంటే ఆనపకాయ బుర్ర. ఒకప్పుడు అక్కడి రాజు దేశంలోని బుర్రలన్నీ పోగుచేయించి వాటినే డబ్బుగా నడిపాడని చెప్పుకుంటారట. పక్క దేశం కొన్నేళ్ళు హైతీ ఏలుబడిలో ఉండి, విడిపోయాక పెసో అని సొంత డబ్బు పెట్టుకుంది. ఎన్నో ఏళ్ళపాటు అమెరికా డాలరుకు ఒక పెసో అని ఇటు, ఐదు గూర్డులని అటు కట్టేసి ఉంచారు. తాతయ్య అక్కడికి తిరుగుతున్న కాలంలోనే ఆ కట్లు తెగి, రెండూ జారాయి, అమెరికా డాలరుకు ఐదు కంటే ఎక్కువ గూర్డులు రావడం మొదలైంది. అయినా హైతీ జనం ఐదు గూర్డుల్ని డాలరని పిలవడం మానలేదు. ఆ డాలరు నోటు ఎక్కడా అచ్చు కాలేదు. జనం నోళ్ళలోనే చెలామణీ అయ్యేది.

ఆ సంగతి తెలియక తాతయ్య ఒకసారి సంతలో మామిడిపళ్ళు కొన్నాడు. అమ్మే మనిషి మూడు డాలర్లంటే మూడు అమెరికా డాలర్లు ఇచ్చేసి నడిచాడు. వెనక నుంచి ఆమె కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చింది. తక్కువిచ్చాను కాబోలు, కొట్టేస్తుందని తాతయ్య ఓడ వైపు ఇంకా గట్టిగా పరిగెత్తాడు. రేవు దగ్గర పట్టుకుని అతని గుప్పిట్లో ఇన్ని గూర్డులు కుక్కింది. చిల్లర!

"ఆవిడ చెప్పింది అబద్ధం కాదే. నేనే నా డాలరుతో కొలిచేను. మీ అమ్మ వారమూ అంతే. కేలెండరు చూసి చెప్పట్లేదది. నిన్ను చూడాలని దానికి ఎంతుందో అది చెప్తోంది. రేటు కట్టుకోవాల్సింది మనం." అని గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివేవాడిలా మొదలెట్టాడు. "నేటి మారకం రేటు. అమ్మ వారం ఒకటికి మన వారాలు ఆరు. మరింత పడిపోయే సూచనలున్నాయి."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అద్దంలోంచి తెలుగులోనే అరిచాను. "అమ్మా, ఎప్పుడొస్తావు?"

వచ్చే వారమే అంటుందని తెలుసు. ఆరుతో హెచ్చవేయడానికి సిద్ధంగా ఉన్నాను. అమ్మ మాస్కు కిందికి లాగింది. నా ముఖంలోకి చూసింది.

"తెలీదు బంగారం. నిజంగా నాకే తెలీదు."

ఏడ్చాను. అయినా కదల్లేదు. ఆ నెలలన్నిటిలోనూ పూర్తి విలువకు నా చేతికందిన మాట అదొక్కటే. వాన మొదలైంది. అమ్మా కదల్లేదు. గొడుగు వేసుకోమని తాతయ్య లోపల్నుంచి మొత్తుకుంటున్నా వినిపించుకోలేదు.

బడి నాకు అచ్చిరాలేదు. పదహారేళ్ళకే దానికో దణ్ణం పెట్టి బయటపడ్డాను, కాబట్టి నన్ను ఆర్థికశాస్త్రం అడక్కండి. కానీ ఎవరైనా రేపు తప్పకుండా వస్తానంటే, రాకపోయినా నాకు కోపం రాదు. మనిషిని బట్టి రేటు కట్టుకుంటాను, అందులోని ఆశను మాత్రం తరుగు లేకుండా పుచ్చుకుంటాను. నేను మాటివ్వాల్సిన చోట, ఎంత తియ్యటి కబురు నాలుక చివర ఆడుతున్నా, తెలియనిదాన్ని తెలియదనే చెబుతాను. వినేవాళ్ళు కాసేపు ఏడుస్తారు. వాళ్ళు ఏడ్చినంతసేపూ నేను అక్కణ్ణుంచి కదలను.