పొట్లంలో ఐదో గోలీ

బాపుకు గుండె ఆపరేషన్ అయి రెండో నెల. మందుల బాధ్యత నాది. ఫోన్‌లో అలారాలు పెట్టాను. బీపీ మిషన్ చూపించే అంకెలన్నీ ఫోన్‌లోనే రాసుకునేదాన్ని. బీపీ పెరగనీయొద్దని డాక్టర్ ఒకటికి పదిసార్లు చెప్పాడు.

ఆ వారం అంకెలు పడిపోవడం మొదలైంది. నూట ముప్పై, నూట పది, తర్వాత తొంభై రెండు. తగ్గితే సంతోషపడాలా, భయపడాలా? మంచం మీంచి లేస్తే బాపుకు కళ్లు తిరుగుతున్నాయి. నెట్‌లో ఒకచోట ఉప్పు నీళ్లు తాగించమన్నారు, ఇంకోచోట ఉప్పు ముట్టనీయొద్దన్నారు. ఏదీ అర్థంకాక బాపు మీద పడ్డాను.

"గోలీలు సక్కగ ఏసుకుంటలేవు గదా?"

"ఒక్క పూట తప్పలే బిడ్డా."

"మరి గిట్లెందుకైతాంది?"

"నన్నడుగుతవేంది? నీ ఫోన్నడుగు. అన్నీ దానికే తెలుసు గద."

"మీ ఇద్దరి లొల్లికి నాకొస్తది బీపీ" అంది అమ్మ వంటింట్లోంచి.

బాపు ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి గుమాస్తా. బస్తాల్లోంచి గుప్పెడు కాయ తీసి శాంపిల్ పొట్లాలు కట్టీ కట్టీ, ఇంట్లో మందులకూ అదే అలవాటు. గోలీలన్నీ రేకుల్లోంచి ఒలిచి, ఏ పూటవి ఆ పూటకు పాత పేపర్లో కట్టి పెట్టేవాడు.

ఒక పొట్లం విప్పాను. డాక్టర్ చీటీలో పొద్దుటికి నాలుగు గోలీలు. ఇందులో ఐదున్నాయి.

"ఈ ఐదోదేంది బాపూ?"

"మొన్న ఫోన్ల తెప్పిస్తివి గద, గదే. పాతయి ఇంక అయిపోలే. రెండూ కట్టిన."

చెత్తబుట్ట బోర్లించి రేకులు వెతికాను. బీపీ గోలీల రేకులు రెండు రకాలున్నాయి. పైన పేర్లు వేరు. కింద చిన్న అక్షరాల్లో మందు ఒకటే. పాత పేరుది స్టాక్ లేదని యాప్ చెబితే, బదులుగా చూపించినదాన్ని నేనే నొక్కాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

దవాఖానకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. ఆటోలో బాపు నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. తప్పు నాదే అని చెప్పబోయి, "రెండెందుకని అడగొద్దా నువ్వు?" అని మళ్లీ అరిచాను.

"డాక్టర్ పెంచిండు గావచ్చు అనుకున్న. నువ్వు తెచ్చినవంటే అడిగేదేముంది?"

సాయంత్రం దాకా ఉంచుకుని, ఆ రెండింట్లో ఒకటే వేయమని చెప్పి పంపారు. ఇప్పుడు బాపు పొట్లం మీద మందుల పేర్లు రాస్తున్నాడు, యార్డులో రైతు పేరు రాసినట్టు. నేను విప్పి లెక్కపెడతాను. నాలుగే ఉంటాయి. అయినా నమ్మకం కుదరదు, మళ్లీ లెక్కపెడతాను.