చేదు చుక్క

నీళ్ల పరీక్ష చేసే ఆవిడకు పనిచేసేచోట నాలికమ్మ అని పేరు. మొహం మీద ఎవరూ అనరు గాని, ఆవిడ మెట్లెక్కుతుంటే పంపుల గదిలో చిన్న నవ్వు వినపడేది. ఊరికి నీళ్లు శుభ్రం చేసి పంపే ఆ కేంద్రంలో పదిహేడేళ్లుగా పరీక్ష గది ఆవిడదే. ఎన్ని పరికరాలున్నా, రోజూ నీళ్లు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని గాని రిజిస్టరులో సంతకం పెట్టేది కాదు.

ఆ అలవాటు వెనక ఓ భయం ఉంది. తొమ్మిదేళ్లప్పుడు ఆదివారం బడిలో టీచరమ్మ బైబిల్లోని చివరి పుస్తకం చెప్పింది. దేవదూత బూర ఊదగానే దివిటీలా మండే పెద్ద నక్షత్రం నదుల మీదా ఊటల మీదా రాలుతుందట. దాని పేరు మాచిపత్రి, ఓ చేదాకు పేరే. నీళ్లలో మూడోవంతు చేదెక్కి, తాగినవాళ్లు చాలామంది చనిపోతారట. ఆ పిల్ల ఇంటికొచ్చి మూడు రోజులు నీళ్లు ముట్టలేదు. తల్లి బతిమాలి, కసిరి, ఆఖరికి పాలు పట్టింది. పెద్దయ్యాక రసాయనశాస్త్రం చదివి ఈ ఉద్యోగంలో చేరితే ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. తను వెళ్తున్నది కాపలాకని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఓ మధ్యాహ్నం రెండున్నరకు ఆ చుక్క చేదుగా తగిలింది.

నోరు పుక్కిలించి మళ్లీ వేసుకుంది. చేదే. మీటర్లు చూస్తే ముళ్లన్నీ ఉండాల్సినచోటే ఉన్నాయి. పంపుల మేస్త్రిని పిలిచి చూడమంది. అతను చప్పరించి, "నాకేం తెలీడం లేదు మేడమ్. చుట్టలు కాల్చే నోరు కదా, దీనికి తీపీ చేదూ ఒకటే," అన్నాడు.

నాలుగింటికి సగం ఊరికి నీళ్లు వదలాలి. పెద్దాసుపత్రి కూడా ఆ గొట్టం మీదే ఉంది. ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"మీటర్లు బాగున్నాయా?"

"బాగున్నాయి సార్."

"అయితే వదిలేయండి. నాలిక మాట విని ఊరికి నీళ్లు ఆపితే, పైవాళ్లకు నేనేం చెప్పుకోను?"

ఆవిడ స్టూలు మీద కూలబడింది. నీళ్లు చేదెక్కాయా, తనకే మతి పోయిందా? చర్చిలో సంఘ కాపరిగా ఉన్న మేనమామకు ఫోన్ కలిపింది. చిన్ననాటి ఆ మూడు రోజుల సంగతి తల్లి తర్వాత తెలిసింది ఆయనకే.

"మావయ్యా, నీళ్లు చేదుగా ఉన్నాయి. ఆ నక్షత్రం పడిందేమో."

"భయంగా ఉందా తల్లీ?"

"చాలా."

"టీచరమ్మ నీకు ఎనిమిదో అధ్యాయం చెప్పి వదిలేసింది తల్లీ. మొదటి అధ్యాయంలో ప్రభువు కుడిచేతిలో ఏడు నక్షత్రాలుంటాయి. అవి ఏడు సంఘాల దూతలని ఆయనే చెప్తాడు. ఆయన్ని చూసి, ఆ పుస్తకం రాసిన యోహాను చచ్చినవాడిలా పడిపోతాడు. అప్పుడు ఏ చెయ్యి వేస్తాడు అతని మీద?"

"ఏ చెయ్యి?"

"ఆ కుడిచెయ్యే. వేసి, భయపడకు అంటాడు."

"నాకు భయం పోలేదు మావయ్యా."

"పోవాలని నేనన్లేదు. నీళ్ల సంగతి నీకు తెలిసినంత నాకు తెలీదు. భయంగా ఉంటే భయంతోనే చెయ్యి."

ఆవిడ కిందికి దిగింది. కాగితం మీద రాసిస్తే తప్ప వాల్వు ముట్టనన్నాడు మేస్త్రి. రాసిచ్చి, తనే చక్రం పట్టుకుంది. భయంతోనే చివరిదాకా తిప్పి మూసేసింది.

సాయంత్రానికి గేటు ముందు ఖాళీ బిందెలతో జనం. ఇంజనీరు వచ్చి సంజాయిషీ అడుగుతూ మెమో చేతికిచ్చాడు. దూరపు ప్రయోగశాలకు పంపిన నీళ్ల సీసాల ఫలితం రావడానికి రెండు రోజులు పట్టింది. నీళ్లు బాగున్నాయని వస్తే ఉద్యోగం పోతుంది. బాగాలేవని వస్తే? ఆ రెండోదే ఎక్కువ భయపెట్టింది.

బాగాలేవనే వచ్చింది. ఎగువన కలుపు మందు పీపాలతో వెళ్తున్న లారీ, కేంద్రానికి నీళ్లొచ్చే ఏట్లోకి జారిందట. డ్రైవరు భయపడి ఎవరికీ చెప్పకుండా పారిపోయాడట. అక్కడ చేపలు తెల్లగా తేలాయి. కేంద్రంలోని మీటర్లు ఆ మందును పట్టలేవు.

ఇంజనీరు మెమో వెనక్కి తీసుకున్నాడు.

ఆదివారం మేనమామ ఇంట్లో ఆవిడ ఇంకో భయం బయటపెట్టింది. వేకువచుక్క అన్న పేరు బైబిల్లో ఒకచోట ఆకాశం నుంచి పడినవాడిది. చివరి పుస్తకం ముగింపులో ప్రభువు అదే పేరు తనకు చెప్పుకుంటాడు. అదెలా?

"పడింది విర్రవీగిన ఓ రాజు. ప్రవక్త ఎగతాళిగా అలా పిలిచాడు," అన్నాడాయన.

"మరి కింద నిలబడి చూసేవాళ్లకు ఏది పడే చుక్కో, ఏది ప్రభువో ఎలా తెలుస్తుంది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అన్నిసార్లూ తెలీదమ్మా. ఆ భయం నాకూ ఉంది."

ఆవిడ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. ఇద్దరూ ఆ చివరి పుస్తకం తెరిచి మొదటి అధ్యాయం నుంచి చదవసాగారు.