మొదటి ట్యూబు

ఆర్.ఎస్. పురంలో నేను పనిచేసే ల్యాబుకు పోయిన నెల ఓ కొత్త యంత్రం వచ్చింది. వెన్నులోంచి తీసిన నీరు కాస్త పోస్తే చాలు, నిమిషంలో అందులోని కణాల లెక్క చెప్పేస్తుంది. ల్యాబులో కుర్రపిల్లలంతా దానికి బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, మిఠాయి పంచారు. నాకు ఇచ్చిన ముక్క పక్కన పెట్టేశాను. "నిమిషమట, నిమిషం!" అని గట్టిగానే తిట్టాను. ఎవర్ని తిడుతున్నానో వాళ్ళకు అర్థం కాలేదు. రిటైరవ్వాల్సిన మనిషి చాదస్తం అనుకుని ఉంటారు.

చాలా ఏళ్ళ కిందట, నేను ఇదే ఊళ్ళో ఓ ఆసుపత్రి ల్యాబులో కొత్తగా చేరిన రోజుల్లో జరిగిందిది. ఈ తమిళ ప్రాంతంలోనే, దగ్గర పల్లె కినత్తుకడవులో మా నాన్నావాళ్ళ కొబ్బరితోట, మా అమ్మ తమ్ముడి తోట పక్కపక్కనే. మధ్యలో ఉమ్మడి బావి. నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, మామ ఓ పచ్చి కొబ్బరిమట్ట ఎత్తి మా చిన్నాన్న తలమీద బాదాడు. చిన్నాన్న కాలవలో బోర్లా పడ్డాడు. తల బొప్పికట్టిందే గాని చర్మం చిట్లలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఇంటి పెద్దలకు ఓ పద్ధతి ఉండేది. కొట్లాటలో నెత్తురు కారితే, తడిసిన తువ్వాలు తెచ్చి బంధువుల వాకిట్లో పరుస్తారు. అది చూశాక పగ తీర్చుకోవడానికి తోడు రాననడానికి లేదు. నెత్తురు లేకపోతే అది ఉత్త కోపం కిందే లెక్క. మా పెదనాన్న వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాడు. అందరూ కాఫీ ఇచ్చి పంపించారు.

ఎనిమిదో రోజు పొద్దున చిన్నాన్నకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, మెడ బిగిసిపోయింది, ఫిట్లు. జీపులో వేసుకొచ్చారు. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. కాలితో తంతే నర్సు కళ్ళద్దాలు గోడకు తగిలి పగిలాయి. ఆ పెనుగులాటలోనే డాక్టరు వెన్నులో సూది దించి, మూడు ట్యూబుల్లో వరసగా నీరు పట్టాడు. మా ల్యాబు పెద్దాయన నాకు మొదటిరోజే చెప్పాడు, మొదటి ట్యూబును నమ్మకూడదని. సూది లోపలికి పోతూ చిన్న నరం చీరితే ఆ నెత్తురు దాంట్లోనే పడుతుంది. నిజం తెలిసేది మూడోదాంట్లో. అప్పట్లో ట్యూబులు బంధువులే పట్టుకొచ్చేవారు. పెదనాన్న తెచ్చాడు, రెండే.

"పెదనాయనా, మూడు కదా ఇచ్చినారు? ఒకటి యాడ?" అన్నాను.

చొక్కా జేబులోంచి మొదటిది తీసి కిటికీ వెలుగులో పట్టాడు. ఎర్రగా ఉంది. "సూడు కణ్ణూ, నెత్తురు! తల లోపల కారిండాది. ఇంక రానని ఎవుడంటాడో పార్కలాం, సూస్తా!"

"అది సూది గుచ్చిన నెత్తురు అయ్యుంటాది. అర్ధగంట పొరుత్తుకోండి, ఓపిక పట్టండి, నేను సూసి చెప్తా."

"నీకు మీ అమ్మ పక్కం పాసం. నీ పని నువ్వు సూడు," అని ట్యూబు జేబులో వేసుకుని మెట్లు దిగాడు.

వెంటపడదామనుకున్నాను. కానీ ఆ నీటిలో కణాలు గంట దాటితే చెడిపోతాయి. చిన్నాన్న ప్రాణం దాంట్లో ఉంది. ఆయన వరండాలోనే ఉంటాడులే అని నాకు నేనే చెప్పుకుని కూర్చున్నాను. మూడో ట్యూబులో నీరు లేత గులాబీ రంగులో కూడా లేదు. గళ్ళు చెక్కిన గాజుపలక మీద చుక్క వేసి చూస్తే ఎర్రకణాలు ఏవో కొన్ని. తెల్లకణాలు మాత్రం గడిగడికీ కిక్కిరిసి ఉన్నాయి. రెండో ట్యూబును యంత్రంలో గిర్రున తిప్పితే ఎరుపంతా అడుగుకు దిగి, పైన తేటనీరు మిగిలింది. తలలో కారిన వారం నాటి నెత్తురైతే ఆ నీరు పసుపుగా ఉండాలి. రంగు వేసి చూశాను, చీముకణాలు. చిన్నాన్నకు ఏళ్ళనుంచీ చెవిలో చీము కారేది. అదే మెదడు పొరలకు పాకిందని డాక్టరు తర్వాత తేల్చాడు. మామ దెబ్బకు దీనికీ సంబంధం లేదు. అప్పటికి నలభై నిమిషాలైంది. అప్పుడే పరుగెత్తాల్సింది. అమ్మ వైపు పక్షపాతమని ఎవరూ అనకూడదని, మొదటినుంచీ మళ్ళీ లెక్కపెట్టాను. ఇంకో ఇరవై నిమిషాలు. అదే లెక్క వచ్చింది. కాగితం పట్టుకుని వరండాలోకి పరుగెత్తితే అక్కడ ఎవరూ లేరు, బయట జీపూ లేదు. మామ ఇంటికి ఫోను చేశాను. ఎవరో ఎత్తారు గాని, వినిపించింది అరుపులే.

ఆ ట్యూబు బంధువుల వాకిళ్ళలో చేతులు మారిందట. ఎవరూ కాఫీ ఇవ్వలేదు. ఆరుగురు కదిలారు. మామను కొబ్బరిచెట్టుకు అదిమిపెట్టి, కుడి మణికట్టు మీద కొబ్బరికాయలు కోసే కత్తితో రెండు వేట్లు వేశారు. నాకు చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా తల పట్టుకున్నది ఆ చెయ్యే. మధ్యాహ్నం ఆయన్ను మా ఆసుపత్రికే తెచ్చారు. ఎక్కించాల్సిన రక్తం గ్రూపు చూసింది నేనే. చిన్నాన్న రెండు వారాల్లో లేచి కూర్చున్నాడు. జరిగింది విన్నరోజు చేతి సెలైను సూది పీకి పారేసి, వార్డులో అందరి ముందూ అన్న చెంపలు వాయించాడు.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో మామ ఎడమచేత్తో తింటాడు. పక్కన కూర్చుని ఆయన ఆకులో అప్పడం నలిపిపెట్టేది చిన్నాన్నే. ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. యంత్రానికి నిమిషం చాలట. నాకు మాత్రం ఆ ఇరవై నిమిషాలు ఇంకా గడవలేదు.