ముందు నీ బండి చూపించు

బావకి ఉన్నది ఒక్కటే పిచ్చి. కారు బాగుచేయించుకోవడానికి షెడ్డుకి వెళ్తాడు, బానెట్ మాత్రం ఎత్తనివ్వడు. "అదలా ఉంచు. ముందు నీ బండి చూపించు" అంటాడు మెకానిక్‌తో. పిల్లనిచ్చేవాళ్లు కూడా అన్ని ఆరాలు తియ్యరు.

ఇది తెలిసి తెలిసీ బావమరిది ఆ శుక్రవారం మధ్యాహ్నం బావని వెంటేసుకుని బయల్దేరాడు. కారుకి కొత్త స్టీలు సైలెన్సరు కొన్నాడు. మర్నాడే కార్ల క్లబ్బు ర్యాలీ. పోయినేడు ర్యాలీలో అతను కారు స్టార్ట్ చెయ్యగానే పక్కవాడు "నీ కారుకి జలుబు చేసిందా?" అని అడిగాడు. క్లబ్బంతా నవ్వింది. ఆ మాట ఏడాదిగా ముల్లులా గుచ్చుతూనే ఉంది. సాయంత్రంలోగా ఆ సైలెన్సరు పైపుని వెల్డింగ్ చేసి బిగించాలి, బిగించేవాడు నమ్మకస్తుడై ఉండాలి. ముప్పయ్యేళ్లు బస్సు డిపోలో స్పానరు పట్టిన బావని మించి సలహా చెప్పేవాళ్లెవరు?

మొదటి షెడ్డులో మెకానిక్ తన స్కూటరు చూపించాడు.

"నా బండికేం సార్, బంగారం!"

బావ వెనక బ్రేకు నొక్కాడు. "ఇది బ్రేకా, అలంకారమా?"

ఆ తర్వాత అరగంట బావా మెకానిక్కూ షెడ్డు వెనకే ఉండిపోయారు. బావ నల్లబడ్డ చేతులతో, భుజాన సంచితో తిరిగొచ్చి, "పద, ఇక్కడొద్దు" అన్నాడు.

రెండో షెడ్డువాడి జీపు కూడా బంగారమే. "నీ బంగారానికి వెనక దీపం వెలగట్లేదు నాయనా" అన్నాడు బావ. అక్కడ ఇంకో ఇరవై నిమిషాలు హారతి కర్పూరమయ్యాయి.

నాలుగైపోయింది. బావమరిది తన వాచీ బావ మొహం ముందు పెట్టాడు.

"బావా, పైపు బిగించడానికొచ్చామా, తనిఖీకొచ్చామా?"

"ఆగవోయ్! సొంత బండి గురించే అబద్ధమాడేవాడు నీ బండి గురించి నిజం చెప్తాడా?"

మూడో షెడ్డు యజమాని ఒకావిడ. వెల్డింగ్ ముసుగు నుదుటి మీదికి తోసుకుని, బావ అడిగింది శ్రద్ధగా విన్నది.

"నా వ్యాను బాగాలేదు బాబాయ్ గారూ. సైలెన్సరు జాయింటు లీకు. పొగ లోపలికొస్తోందని అద్దాలు దించే నడుపుతున్నా. పిల్లల్ని ఎక్కించుకోవడం మానేశాను."

"మరి బాగుచేసుకోవచ్చుగా అమ్మా?"

"అందరి బండ్లూ అయ్యేసరికి ఒంట్లో ఓపికుండదు."

బావ మొహం వెలిగిపోయింది. "ఏవోయ్, కారు లోపల పెట్టు! ఈవిడే!"

"బండి బాగాలేదంటోంది కదా బావా!"

"అంటోంది కదా! అందుకే!"

ఆవిడ కొత్త పైపుని వేళ్లతో తట్టి చూసింది. "గొంతు బాగుంటుంది. చెవులు చిల్లులు పడేలా కావాలంటే మాత్రం నేను చెయ్యను."

"జలుబు వదిలితే చాలు" అన్నాడు బావమరిది.

ఆవిడ పనిలో పడింది. కాసేపటికి చూస్తే బావ లేడు. వ్యాను కింద నుంచి రెండు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. పక్కనే ఆయన సంచి, అందులో కత్తెర, జాయింటు సందు మూసే గాస్కెట్ షీటు, పైపుని పట్టి ఉంచే క్లాంపులు, ఖాళీ అయిన బల్బు డబ్బా. బావమరిది వంగి చూశాడు. బావ షీటుని జాయింటుకి సరిపడా గుండ్రంగా కత్తిరించి బిగిస్తున్నాడు.

"అయితే ఆ స్కూటరు బ్రేకు..."

"సరిచేశాను."

"జీపు దీపం?"

"వెలుగుతోంది. టార్చి ఇటు పట్టు."

"ఇదేం పిచ్చి బావా!"

"ఊళ్లో బండ్లన్నీ వీళ్లు చూస్తారు. వీళ్ల బండ్లు ఎవరు చూస్తారోయ్?"

"మరి వాళ్లకే కారు ఇవ్వొచ్చుగా?"

"బ్రేకు బాగుచేశాను గానీ, వాడి నోరు బాగుచెయ్యలేదుగా!"

ఆరింటికి బావమరిది తాళం తిప్పాడు. కారు గంభీరంగా, నిండుగా పలికింది. ఎదురు కొట్లో టైలరు మిషను ఆపి మరీ చూశాడు. బావమరిది స్టీరింగు మీద గుద్ది, గెలిచానని కేక పెట్టాడు.

ఆవిడ కూడా తన వ్యాను తాళం తిప్పింది.

"స్టార్టయిందా? చప్పుడే లేదు!" అనడిగాడు బావమరిది.

"ఎప్పుడో అయింది!"

బావ వ్యాను పక్కన వంగి చెవి పెట్టి విన్నాడు, ముక్కు పెట్టి వాసన చూశాడు, తల ఊపాడు. ఆవిడ అద్దాలన్నీ ఎక్కించేసుకుంది, మళ్లీ ఒకటి కిందికి దించి, స్పీకరు పెట్టి పిల్లలకి ఫోను చేసింది.

"బస్సెక్కకండి. ట్యూషన్ దగ్గరే ఉండండి. వ్యానులో నేనొస్తున్నా!"

ఫోనులో పిల్లలు పెట్టిన కేకలకి బావమరిది కారు మోత చిన్నబోయింది. అతను ఇంజను ఆపేసి, చెవులారా విన్నాడు.